కుడిచేతి పైగడి

మిర్యాలగూడ బైపాసు పక్కన ఉప్పుడు బియ్యం మిల్లు.
బాయిలర్ ఆవిరికి అద్దాలు చెమర్చే ఆఫీసు గదిల
టేబుల్ మీద ఒక కాయితం పరిచిండ్రు.
నిలువుగ ఒక గీత, అడ్డంగ ఒక గీత.
నాలుగు గడులల్ల పుట్నాలు చల్లినట్టు చుక్కలు.
ఒక్కో చుక్క ఒక్కో సాఫ్ట్‌వేర్ కంపెనీ అట.

"కుడిచేతి పైగడిల ఉన్నోళ్లే మొనగాళ్లు మేడమ్,"
అన్నడు మెడల పట్టీ ఏసుకున్న పిల్లగాడు.
వాళ్ల చుక్క అక్కడే ఉంది, పెసరగింజంత.

నేను కాంటా గుమస్తాను.
ముల్లున్న కాంటా నుంచి అంకెల కాంటా దాకా పదహారేండ్లు.
ఊగుడు ఆగకముందే బరువు రాసినోడు
సాయంత్రానికి తిట్లు తింటడని తెలుసు.
అందుకే కుశలయ్య సేటు ఈ పని నాకు పెట్టిండు:
"ముగ్గురొస్తరు. ఎవరిది కొనాల్నో నువ్వు జూసి చెప్పు."

మొదటోళ్లు సముద్రాల అవతలి పేరు చెప్పిండ్రు.
వాళ్ల తెర మీద మిల్లు ఎంత శుభ్రంగ ఉందో!
తవుడు ఎగరదు, బస్తా చిరగదు, ఎవరూ దగ్గరు.
ధర అడిగితే తలకింత అన్నరు.
ఎవరి తల అన్న.
లాగిన్ అయ్యే తల అట.
మా దగ్గర మోసే తలలే ఎక్కువ,
లాగిన్ అయ్యేటియి రెండు, నాదీ సేటుదీ.

రెండోళ్ల విజిటింగ్ కార్డు మీద
పాత పేరు కొట్టేసి పెన్నుతోటి కొత్తది రాసుంది.
వీళ్లను ఎవరో కొన్నరు, వాళ్లను ఇంకెవరో కొంటున్నరు.
మూడేండ్లల్ల తమ చుక్క ఎడమ నుంచి కుడికి జరిగిందని
బాణం గీసి చూపిండ్రు.
చుక్కలను జరపనీకి గూడ హమాలీలుంటరేమో, అడగలే.

మూడోళ్లు ఆ కాయితంల లేనే లేరు.
నల్లగొండల దేవరకొండ రోడ్డు, ఫొటో స్టూడియో మీది గది,
ఇద్దరు మనుషులు, ఒక యూపీఎస్.
ఇస్లావత్ గోపి బండి మీదొచ్చిండు, లాప్‌టాప్ సంచి నిండ దుమ్ము.

ముగ్గురినీ ఒక్కటే అడిగిన.
అది నా ప్రశ్న కాదు, హమాలీల మేస్త్రీ జాన్‌పాషాది.
చాయ్ గ్లాసుతోటి గుమ్మంల నిలబడి అన్నడు:
"ఇరవై తేమతోటి దిగిన వడ్లు
నాలుగు దినాలు ఆరినంక తగ్గిన బరువు
ఎవరి మీద రాస్తదమ్మా నీ మిషను?
మునుపు మేము దొంగిలించినమని కూలిల కోసేటోళ్లు."

మొదటోళ్లు "మంచి ప్రశ్న" అన్నరు,
అని, తర్వాతి బొమ్మకు పోయిండ్రు.
రెండోళ్లు వచ్చే వెర్షన్‌ల ఉంటదన్నరు.
గోపి తల గోక్కున్నడు.
"ఆ గడి లేదక్కా. పెట్టాలె.
యార్డుల తరుగు కింద మా నాయిన ఎన్ని బస్తాలు పోగొట్టుకున్నడో.
రెండు వారాలియ్యి."

ఏడు పేజీలు రాసిచ్చిన.
గోపి లోటు గూడ దాచలే:
రేపు ఈ పిల్లగానికి హైదరాబాదుల కొలువొస్తే
మన లెక్కలు ఎవరినడగాలె?

సేటు ఏడు పేజీల లావు వేలితోటి జూసి పక్కన పెట్టిండు.
గడుల కాయితం చేతిల పట్టిండు.
"బ్యాంకాయన వచ్చి ఏం వాడుతున్నవంటే
ఫొటో స్టూడియో మీది గదని చెప్పమంటవా?"
ఆ మాటల గూడ బరువుంది.
అబద్ధమెందుకు, నా ముల్లు అటు జర ఊగింది.

కుడిచేతి పైగడి కొన్నరు.

ఇప్పుడు మా తెర మీద గూడ మిల్లు శుభ్రంగ ఉంది.
ఆరిన బరువు "ఇతరములు" కింద పోతది.
ఇతరములు అంటే ఎవరో మేస్త్రీకి తెలుసు.

నా సొరుగుల ఒక లాంగ్ నోట్‌బుక్కు.
స్కేలు పెట్టి నేనే గీసుకున్న నిలువుగీతలు, అడ్డగీతలు.
తేదీ, లారీ నంబరు, దిగినప్పటి తేమ, ఆరినంక బరువు.
నెలాఖరుకు జాన్‌పాషా వస్తడు.
చదువు రాకున్నా వేలు పెట్టి వరుస వెంట పోయి
చివరి గడి కాడ ఆగుతడు.
"ఈడ ఏం రాసినవమ్మా?"
"కోత లేదని."

గోపికి ఫోన్ చేసి చెప్పాలె.
ఇంకా చేయలే.